ఉద్దానం తాగునీరు

శ్రీకాకుళం జిల్లా తీరాన, కొబ్బరి, జీడి తోటల నడుమ ఉన్న ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా ప్రబలింది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలు బాధిత ప్రాంతాలు. సిలికా, భారలోహాలు, పురుగుమందుల అవశేషాల వల్ల ఇంటి బావులు, బోర్ల నీటిపై అనుమానం పడింది. కారణం మాత్రం తేలలేదు. ఎండలో చెమటోడ్చి తగినంత నీళ్లు తాగకపోవడమూ చర్చలో ఉంది. దోషి ఏదో తెలియకుండా భూగర్భజలాన్ని శుద్ధి చేయడం చీకట్లో వెతుకులాటే. ఆర్‌వో ప్లాంట్లు తాత్కాలిక ఉపశమనం. అవి లవణాలను వడకట్టి, గాఢమైన వ్యర్థజలాన్ని మిగులుస్తాయి. చివరికి నీటి వనరునే మార్చారు: హిరమండలం జలాశయం నుంచి వంశధార నది నీటిని గొట్టాలతో తెచ్చే సుజలధార పథకం 2023 డిసెంబరు 14న ప్రారంభమైంది. సుమారు రూ.700 కోట్ల ఈ పథకం లక్ష్యం 807 గ్రామాలు. అదే రోజు పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి.