బోదకాలు వ్యాధి నమూనాలు (పుదుచ్చేరి)

మురుగునీటి క్యూలెక్స్ దోమల ద్వారా వ్యాపించే బోదకాలు వ్యాధిని గణిత నమూనాలతో, కంప్యూటర్ అనుకరణతో అధ్యయనం చేసే కృషి. 1975లో పుదుచ్చేరిలో నెలకొన్న భారత వైద్య పరిశోధన మండలి వారి వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ దీనికి ప్రధాన ఆధారం. 1981-85లో పట్టణంలో సమగ్ర దోమల నియంత్రణ జరిగింది. అప్పుడు సేకరించిన రక్తపరీక్షల, దోమల లెక్కలే తర్వాతి నమూనాలకు ముడిసరుకు.

ఈ వ్యాధిని ఒకే పద్ధతిలో పట్టుకోవడం కష్టం. ఎపిఫిల్ నమూనా జనాభా మొత్తాన్ని సగటులుగా చూసి సమీకరణాలతో లెక్కిస్తుంది. రాటర్‌డామ్ ఎరాస్మస్ విశ్వవిద్యాలయం సహకారంతో రూపొందిన లింఫాసిమ్‌ది వేరే దారి: ఒక్కొక్క మనిషినీ, అతడి ఒంట్లోని వ్యాధికారక పురుగులనూ, దోమకాట్లనూ విడివిడిగా, యాదృచ్ఛికతతో నడిపిస్తుంది. మొదటిది వేగవంతం, రెండోది నిదానమైనా, కేసులు అతి తక్కువకు పడిపోయాక వ్యాధి ఆరిపోతుందా, మళ్లీ రాజుకుంటుందా అన్న ప్రశ్నకు అదే ఎక్కువ పనికొస్తుంది.

2004 నాటి విశ్లేషణలో పుదుచ్చేరి దత్తాంశాన్ని రోగనిరోధకతపై రెండు వేర్వేరు ఊహలతో లింఫాసిమ్‌లో పరీక్షించారు. రెండింటా పురుగు సగటు ఆయుష్షు దాదాపు 10 ఏళ్లని తేలింది. ఊహ మారినా అంకె మారకపోవడమే అసలు విశేషం.

2017లో ఎపిఫిల్, లింఫాసిమ్‌లతో పాటు ట్రాన్స్‌ఫిల్ అనే మరో నమూనా అంచనాలను కలిపి చూసే బహుళ నమూనా అధ్యయనం ప్రచురితమైంది.