ఒకే రేకు, అన్ని రంగులు

నందనూరు చిత్తూరు జిల్లాలో ఒక పల్లె. 1925లో అక్కడ పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్ చేరి నందలాల్ బోస్ దగ్గర బొమ్మలు నేర్చాడు. మద్రాసు కళాక్షేత్రలో కొన్నాళ్లు పాఠాలు చెప్పాడు. అక్కడితో ఆగక లండన్ వెళ్లి, స్లేడ్ స్కూల్లో హెన్రీ మూర్ దగ్గర, ఆ తర్వాత పారిస్‌లో జాడ్‌కిన్ దగ్గర శిల్పం సాధన చేశాడు. ఉలి పట్టిన ఆ చేతులే ముద్రణ కళలో ఒక పాత చిక్కుముడి విప్పుతాయని అప్పుడెవరూ అనుకోలేదు.

ఆ చిక్కుముడి ఇది. లోహపు రేకుమీద గీతలు చెక్కి, వాటిలో సిరా నింపి, తడి కాగితం పరిచి ప్రెస్సులో నొక్కితే బొమ్మ దిగుతుంది. నలుపొక్కటే అయితే పేచీ లేదు. రంగులు కావాలంటే మాత్రం మామూలుగా రంగుకో రేకు చెయ్యాలి. ప్రతిసారీ కాగితాన్ని సరిగ్గా అదే చోట పెట్టాలి. వెంట్రుకవాసి జరిగినా శ్రమంతా వృథా.

‘అటెలియే 17’ అనే కార్యశాల నడిపే స్టాన్లీ విలియం హేటర్ ఈ బాధ తప్పించాలని ఏళ్ల తరబడి తంటాలు పడ్డాడు. 1946లో ‘సాంక్ పెర్సొనాజ్’ అనే బొమ్మకు ఒకే రేకుమీద తెరల గుండా రంగులు దింపాడు. దారి కనబడింది గానీ గమ్యం ఇంకా దూరమే.

1950ల్లో కృష్ణారెడ్డి పారిస్‌లో ఆ కార్యశాలలో అడుగుపెట్టాడు. అతనికి రేకు కూడా రాయిలాగే కనిపించింది. గీతలతో సరిపెట్టక ఆమ్లంతో తినిపించి, పనిముట్లతో తొలిచి, మిట్టలూ పల్లాలూ మలిచాడు. బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీ అతనికి తోడయ్యాడు. సిరాల్లో అవిసె నూనె పాలు మారుస్తూ పోతుంటే ఒక వింత బయటపడింది. నూనె ఎక్కువైన పలుచని సిరా ఉన్నచోట, చిక్కటి సిరా రోలర్ దొర్లించినా అంటుకోవడం లేదు! వరదల రోజుల్లో ఓడలరేవు దగ్గర గోదావరి పాయ వైనతేయ ఎర్రనీరు సముద్రంలో పడినా వెంటనే కలవక వేరుగా సాగినట్టు, రెండు రంగులూ దేని హద్దులో అది నిలిచాయి.

మరొకరైతే సిరా పాడైందని తుడిచేసేవారేమో. వీళ్లు దాన్నే పనిలోకి తెచ్చుకున్నారు. గట్టి రోలర్‌తో పలుచని సిరా పూస్తే మిట్టలకే అంటుతుంది. తర్వాత మెత్తని రోలర్‌తో చిక్కటి సిరా దొర్లిస్తే అది పల్లాల్లోకి దిగుతుంది, మిట్టల జోలికి పోదు. ఇక రేకు ఒకటే, నొక్కడం ఒక్కసారే! చెప్పినంత తేలికేమీ కాదు. నూనె కాస్త అటూఇటూ అయినా రంగులు కలిసిపోతాయి. అదను చేతికి అందేదాకా చేసి చూడటం తప్ప మార్గం లేదు.

ఆ పట్టు దొరికాక 1963లో ‘వర్ల్‌పూల్’ పుట్టింది. అందులో సుడి తిరిగే నీటి కదలిక అంతా ఒకే రేకు మిట్టపల్లాల నుంచి వచ్చిందే. 1968లో పారిస్ విద్యార్థుల ఉద్యమం చూసి ‘డెమాన్‌స్ట్రేటర్స్’ చేశాడు. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1976లో న్యూయార్క్ వెళ్లి అక్కడి విశ్వవిద్యాలయంలో ముద్రణ కళ నేర్పాడు. తన పద్ధతిని గుట్టుగా దాచుకోలేదు. 1988లో పుస్తకంగా రాసి అందరి ముందూ పెట్టాడు. 2018లో 93 ఏళ్ల వయసులో అదే నగరంలో కన్నుమూశాడు. సిరాల మధ్య పడని పొత్తును పొరపాటుగా చూడకుండా, దాన్నే పనిలోకి తెచ్చుకోవడమే ఆ పల్లెటూరి శిల్పి సాధించిన ఘనత.