గజ్జలోని పేగు



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల పల్లెలలో మీరు చూచియే యుందురు. పసివాడు గుక్కపట్టి యేడ్చునప్పుడు గజ్జలో ఉసిరికాయంత వాపు పొడచూపును, నిదురించినంతనే మాయమగును. పేగు జారినదందుము. వైద్యులు హెర్నియా యందురు. దాని చికిత్స నడచివచ్చిన త్రోవను గూర్చి నేడు కొంచెము ముచ్చటించెదను.

మగశిశువు గర్భమందున్నప్పుడు వృషణములు కడుపులోనుండి క్రిందికి దిగును. ఆ త్రోవ పిదప మూసికొనవలెను. మూసికొననిచో పేగు జారును. జారిన పేగు బిగిసికొనెనా, నెత్తురాడక గంటలలోనే చెడనారంభించును.

సుశ్రుతుడు దీనిని ఆంత్రవృద్ధి యనెను. కోశములోనికి దిగనిదానికి అర్ధచంద్రాకారపు శలాకతో గజ్జలో వాత పెట్టుమనెను; దిగినదానిని అసాధ్యమని విడిచెను. తన చేత కానిదానిని కాదని వ్రాయుట పెద్దతనమని నా తలంపు. మన పల్లెలలో వాత చిరకాలము నిలిచినది గాని, ఆ హెచ్చరిక నిలువలేదు.

1735లో లండనులో క్లాడియస్ అమ్యాండ్ అను శస్త్రవైద్యుడు 11 ఏండ్ల బాలుని గజ్జను కోసి, జారిన పేగుతోకలో గుండుసూది గ్రుచ్చుకొనియుండుట గాంచి, దానిని తీసివేసెను. మత్తుమందు లేని కాలము! బాలుడు బ్రతికెను.

1846లో ఈథరు, 1847లో క్లోరోఫారము వచ్చినవి. క్లోరోఫారము ప్రాణము తీయుట యూపిరి నాపియా, గుండె నాపియా యను తగవు మన హైదరాబాదునకు వచ్చినది. రెసిడెన్సీ వైద్యుడు ఎడ్వర్డు లారీ పూనికతో, ఆరవ నిజాము మహబూబు అలీఖాను ఆదరముతో, 1888లోను 1889లోను రెండు కమిషనులు జంతువులపై పరీక్షలు జరిపినవి. మీ ఊళ్లప్పుడు ఎలగందుల జిల్లాలోనివి. ఊపిరియే ముందాగునని కమిషను తేల్చెను. గుండెయు హఠాత్తుగా నాగగలదని 1911లో గుడ్మన్ లెవీ చూపెను. తీర్పు తప్పినను, రోగి యూపిరినుండి చూపు మరల్చరాదన్న లారీ మాట తప్పలేదు.

మత్తు కుదిరినపిమ్మట కోత చిన్నదాయెను. 1901లో జర్మనీలో గెయోర్గ్ కెల్లింగ్ కుక్క కడుపులోనికి గొట్టపుటద్దముతో తొంగిచూచెను. 1980లో కుర్టు సెమ్ అట్టి రంధ్రములగుండా మనుష్యుని పేగుతోకను తీసెను. ఇప్పుడు బిడ్డ బొడ్డువద్ద కొద్ది మిల్లీమీటర్ల రంధ్రము చేసి, బొగ్గుపులుసు వాయువుతో కడుపును పొంగించి, లోనుండి మెల్లగా లాగుచు, వెలుపలనుండి నొక్కుచు బిగిసిన పేగును విడిపింతురు. ఇందలి మేలు కోత చిన్నదగుట మాత్రము కాదు. విడిపించిన పేగు మరల నెరుపెక్కినదా, నల్లగానే యున్నదా యని కంటితో చూడవచ్చును; రెండవ గజ్జ సంగతియు తెలియును. పాత కోతయు మంచిదే. పేగు చెడనిచో ముందుగా వైద్యుడు చేతితో లోనికి పంపి, ఒకటి రెండు దినముల పిదప శస్త్రము చేయుటయు కలదు.

జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. వాపు గట్టిపడి, బిడ్డ పచ్చగా వాంతి చేసికొన్నచో, త్రోవలో పాలు పట్టక పెద్దాసుపత్రికి తీసికొనిపోవలెను. మత్తునకు కడుపు ఖాళీగా నుండుట యవసరము.