సుప్రభాతంలో రెండో గొంతు

తిరుమల అనగానే మనలో చాలామంది చెవిలో మోగేది ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం. 1963 నాటి హెచ్‌ఎంవీ రికార్డు. అందులో గొంతు ఒక్కటే అనుకుంటాం. కానీ పక్కనే సవతి కూతురు రాధా విశ్వనాథన్ గారు కూడా పాడారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, తెలిసిపోతుంది.

ఇద్దరూ ఒకే స్వరం పట్టినా ఒకరు రవ్వంత ముందు, ఒకరు వెనక. శ్రుతిలోనూ వెంట్రుకవాసి తేడా. ఆ నిండుదనం అక్కడి నుంచే వస్తుంది.

దీన్ని మెషీన్‌తో తెప్పించాలని 1966లో లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో కెన్ టౌన్సెండ్ టేపు మెషీన్లతో బీటిల్స్ గొంతుల్ని డబుల్ చేశాడు. పదేళ్లకి, 1976లో, బాస్ సీఈ-1 కోరస్ పెడల్ వచ్చింది. సౌండ్‌కి ఒక కాపీ తీసి, కాస్త ఆలస్యంగా వదిలి, ఆ ఆలస్యాన్ని అటూ ఇటూ ఊపడమే కోరస్. ఆలస్యం మారుతుంటే పిచ్ కూడా ఊగుతుంది. ఇలాంటి కాపీలు మూడు నాలుగు కలిస్తే ఎన్‌సెంబుల్.

మా అమ్మ పాడిన సుప్రభాతానికి నేనూ కోరస్ వేశా, డెప్త్ 70 శాతం! అమ్మ విని, "నా గొంతు నీళ్లలో పడిందేంట్రా?" అంది. డెప్త్ బాగా తగ్గించా, డిలే 20 మిల్లీసెకన్లు, రేట్ 0.5 హెర్ట్జ్, మిక్స్ 20 శాతం పెట్టా. బాగుపడింది. అయినా ఆ ఊపు గడియారంలా ఒకే లెక్కన తిరుగుతోంది. మనిషి అలా తప్పడు కదా.

ప్లగిన్ తీసేసి, అమ్మని రెండో ట్రాక్ పాడమన్నా. "మళ్లీ మొదట్నుంచా?" అని విసుక్కుంది. పాడింది.