సౌర విద్యుత్ కంచె

పశువులు మేతబీడు దాటకుండా, పంటలో పడకుండా ఆపే తీగల కంచె. అనకాపల్లి జిల్లా నర్సీపట్నం వంటి తూర్పు కనుమల అంచు ప్రాంతాల్లో ఇది అడవిపందుల నుంచి పైరును కాచుకోవడానికీ పనికొస్తుంది.

సోలార్ పలక 12 వోల్టుల బ్యాటరీని ఛార్జి చేస్తుంది. ఎనర్జైజర్ అనే పరికరం సుమారు సెకనుకొకసారి కొన్ని వేల వోల్టుల విద్యుత్తును తీగలోకి వదులుతుంది. తీగను తాకిన పశువు ఒంటి గుండా అది నేలలోకి దిగి, ఎర్తు కడ్డీ ద్వారా పరికరానికి తిరిగి చేరుతుంది. ఒక్కో విడుదల సాధారణంగా సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ సేపే ఉంటుంది. అందుకే పశువు ఝల్లుమని వెనక్కి తగ్గుతుంది తప్ప సాధారణంగా ప్రాణాపాయం ఉండదు.

వేసవిలో నేల ఎండితే షాక్ బలహీనపడుతుంది కనుక ఎర్తు దగ్గర తడి ఉంచాలి. వానాకాలంలో తీగకు తగిలే కలుపును కోసేయాలి. ఇంటి 230 వోల్టుల కరెంటును నేరుగా కంచెకు కలపడం ప్రాణాంతకం, చట్టరీత్యా నేరం.