పాత పోస్టరుకు కొత్త రంగు

పాత సినిమా పోస్టరును బాగుచేయమని ఇచ్చినవాళ్ల ఫిర్యాదులు ఎక్కడ విన్నా ఇంచుమించు ఒకే తీరున ఉంటాయి. చెప్పిన గడువు దాటి నెలలు గడుస్తాయి. అనుకున్న ఖర్చు పెరుగుతుంది. చివరికి చేతికొచ్చినది తామిచ్చిన పోస్టరేనా అనిపిస్తుంది: కథానాయిక బుగ్గల మీద కొత్త గులాబీ రంగు, మడతల వెంట కుంచె గీతలు, ఫ్రేములో పట్టడానికి కత్తిరించేసిన అంచులు. గడువు తప్పడం, డబ్బు పెంచడం ఏ చేతిపనిలోనైనా ఉన్న గొడవే. మూడోది మాత్రం వేరు. అక్కడ చాలాసార్లు పనివాడు మోసం చేశానని అనుకోడు, పోయేదాన్ని నిలబెట్టానని నమ్ముతాడు. ఆ నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చిందో శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానం తీరం వైపు చూస్తే తెలుస్తుంది. ఈ నేల మీద బొమ్మను కాపాడటమంటే తరతరాలుగా దాన్ని మళ్ళీ వేయడమే. అచ్చు పోస్టరు ఆ పద్ధతికి లొంగదు.

టెక్కలి నుంచి ఎగువకు, మెళియాపుట్టి, పాతపట్నం వైపు వెళితే సవరల కొండలు వస్తాయి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని నిఘంటువు కూర్చింది వీళ్ల దగ్గరే. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో వాళ్లు వేసే బొమ్మల గురించి మానవశాస్త్రవేత్త వెర్రియర్ ఎల్విన్ 1955లో అచ్చయిన తన గ్రంథంలో వివరంగా రాశాడు. చనిపోయిన పెద్దల కోసం, పంట కోసం, జబ్బు తగ్గడం కోసం వేసే బొమ్మలవి. మాసిపోతే గోడకు మళ్ళీ మట్టి పూసి కొత్తది వేస్తారు. పాత గీతను అలాగే అట్టే పెట్టుకోవాలన్న ఆలోచనే అక్కడ లేదు, ఎందుకంటే బొమ్మకు బలం వేయడంలో ఉంది. తీరం వెంట ఉత్తరానికి పోతే పూరీ. స్నానపూర్ణిమ తర్వాత జగన్నాథుడు పదిహేను రోజులు దర్శనమివ్వడు, ఆ రోజుల్లోనే విగ్రహాలకు రంగులు కొత్తవవుతాయి. 1996లోనూ 2015లోనూ విగ్రహాలను కొత్తగా చెక్కే నవకళేబరం జరిగినప్పుడు కొయ్య సైతం మారింది, దేవుడు మారాడని ఏ భక్తుడూ అనలేదు. తాటాకు గ్రంథాలదీ అదే దారి. పాత ఆకు పురుగు తిని పొడి రాలుతుంటే కొత్త ఆకు మీద ఎత్తిరాసుకునేవారు. ఉప్పుగాలి, చెదలు, తుఫాను ఉన్న చోట ఇంతకన్నా వివేకమైన పద్ధతి మరొకటి ఉండేది కాదు. దాన్ని అజ్ఞానం అనడం తప్పు.

పోస్టరు ఈ వరసలోకి రాదు. దాని వెనక కూడా చిత్రకారుడి చేయి ఉంది. పాలకొల్లులో పుట్టి, 1967 నాటి ‘సాక్షి’తో మొదలుపెట్టి పోస్టరునే తన కళగా చేసుకున్న, 2021లో కన్నుమూసిన ఈశ్వర్ లాంటివాళ్ల చేయి అది. అయితే జనం చూసింది వాళ్లు గీసిన కాగితాన్ని కాదు, దాని అచ్చును. ఆ అచ్చులోని సిరా చుక్కలు, రంగు మీద రంగు కాస్త తప్పి పడిన చోటు, ఆనాటి చౌక కాగితం అన్నీ కలిస్తేనే ఆ పోస్టరు. అన్నిటికన్నా విలువైనది తరచూ అడుగున ఉండే చిన్న అక్షరాల వరస. అచ్చయిన ప్రతి కాగితం మీదా ముద్రాపకుడి పేరు, ఊరు ఉండాలని 1867 నాటి ప్రెస్ చట్టం విధించింది. అది మద్రాసులో అచ్చయిందా, శివకాశిలోనా, విజయవాడలోనా చెప్పేది ఆ ఒక్క వరసే. ఫ్రేము కోసం అంచు కోసేవాడి కత్తికి ముందుగా బలయ్యేదీ అదే. బుగ్గ మీద అద్దిన రంగునైనా నేర్పున్నవాడు తీయగలడేమో గానీ కోసేసిన అంచు తిరిగి రాదు.

మైలతుత్తం కలిపి ఉడికించిన మైదా జిగురుతో గోడకెక్కిన పోస్టర్లు పలాసలోనైనా కాశీబుగ్గలోనైనా వానకో, మీద పడిన కొత్త పోస్టరుకో పోయినవే. ఈనాడు మిగిలినవి చాలామటుకు గోడ ఎక్కకుండా మడతలతో గోదాములో ఉండిపోయినవి. వాటి కాగితంలోనే ఆమ్లం ఉంది, అది ఏళ్ల తరబడి కాగితాన్ని పసుపు చేసి పెళుసుగా మారుస్తుంది. నౌపడా ఉప్పుమడుల గాలి తగిలే ఊళ్లలో తేమ ఆ పనిని తొందర చేస్తుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, ఇళ్ల కప్పులు లేచిపోయాయి. అలాంటప్పుడు తడిసిన కాగితాన్ని ఏం చేయాలో ప్రపంచం గట్టిగా నేర్చుకున్నది 1966 నవంబరులో ఆర్నో నది ఫ్లారెన్సు నగరాన్ని ముంచినప్పుడు. అక్కడ బురదలో మునిగిన పుస్తకాల మీద పనిచేసినవాళ్ల అనుభవం నుంచి ఒక నియమం బలపడింది: ఈరోజు చేసిన మరమ్మతు రేపు ఎవరైనా విప్పగలిగేలా ఉండాలి. అందుకే శిక్షణ పొందినవాళ్లు పోస్టరు వెనక పల్చటి జపాను కాగితం, దాని వెనక గుడ్డ పెట్టి, నీళ్లతో ఊడివచ్చే గోధుమ గంజితో అతికిస్తారు. మన ఊళ్లలో దొరికేది లామినేషన్, లేదా ఫెవికాల్‌తో ప్లైవుడ్ మీద అంటించడం. రెండూ విప్పడానికి వీల్లేనివే.

దెబ్బతిన్న గుర్తులే చరిత్ర చెప్పే కాగితాలూ ఈ ప్రాంతానికి సంబంధించి ఉన్నాయి. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. ఆ వెంటనే ఏప్రిల్ 1న మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులకు రైతు ఉద్యమంలో ఉన్న వీరగున్నమ్మ బలైంది. శ్రీకాకుళ సాయుధ పోరాటంలో జముకుల కథతో ఊళ్లను కదిలించిన బొడ్డపాడు పూజారి సుబ్బారావు పాణిగ్రాహిని 1969 డిసెంబరులో కాల్చి చంపారు. అలాంటి రోజుల కరపత్రాన్ని ఇంట్లో ఉంచుకోవడమే ప్రమాదం. చిన్నగా మడిచి దాచిన కాగితానికి ఆ మడత గీతలు ఒక సాక్ష్యం. వాటిని చదునుచేసి రంగుతో కప్పితే కాగితం అందంగా ఉంటుంది, భయం మాయమవుతుంది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. ‘కొత్తదానిలా చేసివ్వు’ అని అడిగేది కొనుగోలుదారే కదా, ఇక పనివాడి తప్పేముంది? ఇందులో నిజం చాలా ఉంది. గోడకు వేలాడదీసుకోవడానికి మెరుపు కావాలి, అమ్ముకోవడానికి పాతదనం కావాలి, రెండూ ఒకే కాగితంలో కావాలని కోరేవాళ్లు తక్కువేం కాదు. అయినా ఏది చేస్తే తిరిగి రాదో తెలిసినవాడు పనివాడే కాబట్టి ముందు చెప్పాల్సిన బాధ్యత అతనిదే. రెండు వారాలు ఆడే సినిమా కోసం వేసిన కాగితానికి ఇంత పట్టింపెందుకని మరికొందరు అడుగుతారు. నిలవాలని చేసిన శాసనాలు రాజుల మాట చెబుతాయి. టెక్కలి సంతకు వచ్చినవాడి కంటికి ఏది ఇంపుగా తోచేదో తెలియాలంటే మాత్రం నిలవాలని చేయనివే చూడాలి. స్కాన్ తీసుకుంటే చాలదా అంటే, బొమ్మకు చాలుతుంది. కాగితం ఎలాంటిదో, సిరా ఎలా పట్టిందో స్కాన్ చెప్పదు. ఇక వినియోగదారుల చట్టం ఉందనే మాట. సేవలో లోపానికి పరిహారం అడగడానికి 1986 నుంచీ దారి ఉన్న మాట నిజమే. గడువు తప్పినందుకు, డబ్బు ఎక్కువ గుంజినందుకు అది పనికొస్తుంది. కోసేసిన అంచుకు ఏ ఉత్తర్వూ పనికిరాదు.

కాబట్టి చేయాల్సిందంతా పని మొదలుకాకముందే ఉంది. రెండు వైపులా ఫోటోలు తీయడం, ఏ జిగురు వాడతారో రాసుకోవడం, రంగు చిరుగు పూడ్చిన చోటే వేస్తారా పాత అచ్చు మీద కూడానా తేల్చుకోవడం, అంచు ముట్టనని మాట తీసుకోవడం. వీటికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు, కాశీబుగ్గలో ఫ్రేములు కట్టే చిన్న దుకాణంలోనైనా కుదురుతాయి. తడిపే ముందు ఒక మూల నీటిబొట్టు పెట్టి సిరా కదులుతుందో లేదో చూడటానికి పట్టేది కొన్ని నిమిషాలే.