మూసీ వరద – నీటి దారి పటాలు



ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాయమని కార్యదర్శి గారు కోరారు. నేను చరిత్రకారుణ్ణి కాను. చెరువుల ఫైళ్లు నడిపే కార్యాలయంలో గుమాస్తాగా చేరి 2007లో రిటైరైనవాణ్ణి. అందుచేత నాకు తెలిసిన నీళ్ల సంగతే రాస్తున్నాను.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచింది. సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి తోటలోని చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన ముందుగా చేసిన పని లెక్క తీయడం. నగరానికి ఎగువన పరీవాహక ప్రాంతంలో 788 చెరువులుండగా 221 తెగిపోయాయని తేల్చారు. పై చెరువు తెగితే ఆ నీరు కింది చెరువు మీద పడుతుంది, అదీ తెగుతుంది. ఊరిని ముంచింది వాన ఒక్కటే కాదు, ఈ గొలుసు కూడా. ఆయన సలహా మీదనే మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసాపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి.

1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి ఇరుకు బస్తీలను తొలగించే పని చేపట్టింది. ఆ కాలంలోనే లియొనార్డ్ మన్ అనే అధికారి ఆధ్వర్యంలో నగరాన్ని ఇల్లిల్లూ కొలిచి పటాలు గీశారు. ఏది ఎక్కడుందో తెలియకుండా ఏది మునుగుతుందో చెప్పలేము గదా!

మా కార్యాలయంలోనూ పటాలుండేవి. చెరువు నిండితే నీరు నిలిచే హద్దు ఎఫ్.టి.ఎల్. దాని లోపలిది శిఖం భూమి. అలుగు నుంచి కింది చెరువుకు పోయే దారి నాలా. వేసవిలో చూస్తే ఇవన్నీ ఖాళీ జాగాలే. ఆ గీతలున్న కాగితాలకు నంబర్లు వేసి బీరువాలో పెట్టడం నా ఉద్యోగం.

ఇక సిగ్గుతో చెప్పవలసిన మాట. 1985లో నేను ఒక లేఅవుట్‌లో ప్లాటు కొన్నాను. అమ్మినవాడు నీళ్ల మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు. చవకగా వచ్చిందని సంతోషించానే తప్ప, నా బీరువాలోనే ఉన్న పటం తీసి చూడలేదు. 2000 ఆగస్టు 24న నగరంలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. రాత్రికి ఇంట్లో నడుము లోతు నీళ్లు. మా అమ్మను మంచంతో సహా మేడ మీదికి మోశాము. ఆమె దక్కింది, అదే చాలు. వారం తర్వాత ఆఫీసులో పటం విప్పి చూశాను. మా ఇల్లు సరిగ్గా నాలా గీత మీద ఉంది.

2010లో అమెరికాలో మా అమ్మాయి ఇల్లు కొంటున్నప్పుడు అక్కడే ఉన్నాను. బ్యాంకువారు ముందు వరద పటం చూశారు. ఆ దేశంలో 1968లో వరద బీమా చట్టం చేశారు. ఏటా నూటికి ఒక వంతు వరద వచ్చే అవకాశమున్న ప్రాంతాన్ని పటంలో గుర్తిస్తారు. అక్కడి ఇంటికి అప్పు కావాలంటే సాధారణంగా వరద బీమా తప్పదు. నది పారే అసలు దారిని ‘ఫ్లడ్‌వే’ అంటారు. వరద మట్టం పెరిగే విధంగా అందులో కట్టడాలు కట్టనివ్వరు. నూరేళ్ల వరద అంటే నూరేళ్లకొకసారి వచ్చేదని మనం అనుకుంటాము. అది పొరపాటు. ముప్పయ్యేళ్ల అప్పు తీరేలోగా అది వచ్చే అవకాశం నూటికి 26 వంతులు. అయినా పటమే సర్వస్వం కాదు. 2017లో హూస్టన్ నగరంలో గీతకు బయట ఉన్న ఇళ్లు కూడా వేలకొద్దీ మునిగాయి.

మన దేశంలోనూ వరద మైదానాలను మండలాలుగా విభజించాలని 1975లోనే కేంద్రం నమూనా బిల్లు పంపింది. దానిపై చట్టం చేసిన రాష్ట్రాలు చాలా తక్కువ. 2012 నాటి మన భవన నిబంధనలు పెద్ద చెరువుల ఎఫ్.టి.ఎల్. నుంచి 30 మీటర్ల దాకా కట్టడాలు కూడదన్నాయి. అయినా 2020 అక్టోబరులో ఎన్నో కాలనీలు మళ్లీ మునిగాయి.

సభ్యులకు నా మనవి రెండే మాటలు. పిల్లలు ప్లాటు కొనేముందు చెరువు హద్దు పటం, గ్రామ నక్షా చూడమనండి. ఆ ఊరి వృద్ధులను కూడా అడగమనండి. ఇంటికి బీమా తీసుకోండి. 2021 ఏప్రిల్ నుంచి బీమా కంపెనీలన్నీ ఇస్తున్న భారత్ గృహ రక్ష పాలసీలో వరద నష్టం కూడా చేరి ఉంది.

మా అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ రాత్రి గట్టిగా వాన పడితే, నేను లేచి కిటికీలోంచి నాలా వైపు చూస్తాను.